నంబరు లేని గుమ్మాలు

ఆకుపచ్చ కాన్వాసు సంచి అడుగున రెండు లుంగీలు పెట్టింది భ్రమరాంబ. వాటి మీద తెల్లచొక్కా, తువ్వాలు. బీపీ మాత్రల అట్ట చొక్కా జేబులో పెట్టి, చొక్కా మారిస్తే మాత్ర మర్చిపోతాడని మళ్ళీ తీసి, సంచి పక్క అరలో దోపి జిప్పు లాగింది. అక్కకి మాగాయ సీసా. మూత మీద కవరు, కవరు మీద దారం. టార్చిలైటు వెలుగుతుందో లేదో రెండుసార్లు నొక్కి చూసింది. అన్నిటికన్నా పైన, నలక్కుండా, నిన్న రాత్రి ప్రెస్సు నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట పెట్టింది.

"రెండు రోజులకి ఇంత సంచా? నన్ను అత్తారింటికి పంపిస్తున్నావా ఏంటే?" అన్నాడు ఏడుకొండలు, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ.

"అత్తారింటికేగా వెళ్తున్నావు. మా అక్క ఇల్లు నీకు అత్తారిల్లు కాదా?"

"మీ అక్క ఇల్లు అత్తారిల్లు కాదు, పోలీస్ స్టేషను. వెళ్ళగానే కూచోబెట్టి ప్రశ్నలు మొదలెడుతుంది. 'మా ఎమ్మెల్యే మాకేం చేసింది మరిదీ?' అని."

"దానికేగా కాగితం. నిదానంగా చదువు. 'పన్ను మినహాయింపు' అన్న చోట ఆగు. వాళ్ళు చప్పట్లు కొడతారు, అయ్యాక మిగతాది చదువు."

"ప్రమాణం చేసింది నువ్వు, ప్రసంగం చేసేది నేను. బాగుందమ్మా ఎమ్మెల్యే గారూ."

భ్రమరాంబ కొత్తరేవు నియోజకవర్గానికి రెండోసారి ఎమ్మెల్యే. చేపల గంప మోసిన కుటుంబం నుంచి అసెంబ్లీకి వెళ్ళిన మొదటి మనిషి. మూడు నెలలకోసారి నియోజకవర్గానికంతా ఉత్తరం రాస్తుంది. ఏ పన్ను తగ్గింది, ఏ రోడ్డు ముందు వేస్తారు, ఏ పని ఎందుకు ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. చివర 'మీ ఆడపడుచు' అని సంతకం. ఊళ్ళకి ఫోన్లలో పంపుతుంది. తను పుట్టిన నత్తలదిబ్బకి మాత్రం ఫోను అందదు. అక్కడికి తనే పడవెక్కి వెళ్ళి, చేపల సొసైటీ షెడ్డులో నిలబడి చదువుతుంది. ఈసారి తుపానుల సంగతి చూసే గాలి కేంద్రంలో పని పడింది. అందుకే మొగుణ్ణి పంపుతోంది.

"తుపాను తిరుగుతోందంటున్నారుగా సముద్రంలో?" అన్నాడు ఏడుకొండలు సంచి భుజానికి తగిలించుకుంటూ.

"మళ్ళించేశారు. నిన్న సాయంత్రమే సంతకం పెట్టొచ్చాను. జనం లేని చోటికి పోతుంది. అది కూడా రాశాను, చివరి పేరాలో. ఎవ్వరూ ఇళ్ళు వదిలి వెళ్ళక్కర్లేదని. అది గట్టిగా చదువు, మా అక్కకి చెవుడు."

"మీ అక్కకి చెవుడు కాదు, వినాలనుకున్నది వింటుంది."

గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "గురువారం పొద్దున్న పడవకి వస్తా, పీతలు తెస్తాను, బియ్యం ఎక్కువ పొయ్యి," అన్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా భ్రమరాంబ గుమ్మంలోనే నిలబడింది. గొడుగు పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

*

నత్తలదిబ్బ కొత్తరేవుకి పదిహేను కోసుల దూరం. కొడవలిలా వంగిన కాలవ సముద్రంలో కలిసే చోట ఇసుకమేట అది. రోడ్డు లేదు. ఇంజను పడవలో నాలుగు గంటలు. తాటాకు ఇళ్ళు, తాటిచెట్లు.

అక్కడొక పద్ధతి ఉంది. వేటకి వెళ్ళినవాడు సముద్రంలో పోయి, శవం కూడా దొరకకపోతే, పదకొండో రోజున ఆ ఇంటి గుమ్మం మూసేస్తారు. ద్వారబంధం ఊడబీకి కాలవలో వదులుతారు. ఇంటికి ఇంకో వైపు కొత్త గుమ్మం పెడతారు. పాత గుమ్మం ఉంటే పెళ్ళాం బిడ్డలు అటే చూస్తూ కూచుంటారని, చూపు తిప్పకపోతే బతకలేరని. భ్రమరాంబకి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న గుమ్మం అలాగే కాలవలో పోయింది. నీళ్ళ మీద అది తిరుగుతూ తిరుగుతూ వెళ్ళడం ఆమెకి ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

ఇళ్ళకి నంబరు రేకులు కొట్టడం మొదలయ్యాక చిక్కొచ్చింది. గుమ్మం పోతుంది గానీ రేకు ఊడదీసి దాచుకుంటారు. కొత్త గుమ్మానికి పంచాయతీ వాళ్ళు కొత్త నంబరు ఇస్తారు. పాత నంబరు పుస్తకంలో అలాగే ఉంటుంది. ఇల్లు ఒకటి, పన్నులు రెండు. కొన్నిళ్ళకి మూడు.

"పోయినోడి గుమ్మానికి కూడా పన్ను కట్టాలంటే ఎట్టా కట్టమంటావే?" అని అక్క రాఘవమ్మ షెడ్డులో అందరి ముందూ నిలదీసింది. "మీ బావ గుమ్మం పోయి పన్నెండేళ్ళు. ఇప్పటికీ దానికి నోటీసొస్తుంది, ఆయన పేరు మీద. నోటీసు చూసినప్పుడల్లా ఆయన మళ్ళీ పోయినట్టుంటుంది నాకు. అసెంబ్లీలో కూచుని ఏం చేస్తున్నావు? ఏసీ గాలికి నిద్రపోతున్నావా?"

ఆ మాట భ్రమరాంబకి ముల్లులా దిగింది. ఏడాదిన్నర తిరిగింది. మంత్రి చుట్టూ, కమిషనరు చుట్టూ, ఫైళ్ళ చుట్టూ. చివరికి జూన్ నెలలో జీవో వచ్చింది. నత్తలదిబ్బకి ఇంటి పన్ను పూర్తిగా రద్దు, పాత బాకీలతో సహా. పన్ను లేని ఇంటికి నంబరు దేనికని పంచాయతీ వాళ్ళు రిజిస్టరులో ఆ పేజీలు కొట్టేశారు. దిబ్బ జనం రేకులన్నీ ఊడబీకి చేపల గంపలో పోసి, బంతిపూలు చుట్టి, ఆమె నెత్తిన పెట్టారు. నూట అరవై మూడు రేకులు. వాటిలో నలభై ఒకటి పోయినవాళ్ళవి. ఆ గంప ఇప్పుడు ఆమె ఆఫీసు గదిలో, శాలువాల బీరువా పక్కన ఉంది. వచ్చినవాళ్ళకి చూపిస్తుంది. ఎన్నికల్లో ఇచ్చిన మాటల్లో పూర్తిగా నిలబెట్టుకున్నది అదొక్కటే అని ఆమెకి గర్వం.

*

బుధవారం పొద్దున్న పదింటికి గాలి కేంద్రానికి వెళ్ళింది. కొత్తరేవు శివార్లలో, పాత ఉప్పు కొఠార్ల పక్కన ఉంటుంది. డాక్టర్ ఆశీర్వాదం గుమ్మం దాకా వచ్చి నమస్కారం పెట్టాడు. సన్నటి మనిషి, కళ్ళజోడుకి ఒక కాడ దారంతో కట్టి ఉంటుంది. చన్నీటి గొలుసు ఆయన చేసిందే.

ఆ గొలుసు సంగతి భ్రమరాంబ చేపల బజారులో ఆడవాళ్ళకి తన మాటల్లో చెబుతుంటుంది. సముద్రంలో చాలా దూరాన వరసగా మూడొందల పసుప్పచ్చ పీపాలు తేలుతుంటాయి. ఒక్కో పీపా కింద కిలోమీటరు పొడుగు గొట్టం. అడుగునున్న చన్నీళ్ళు తోడి పైన పోస్తుంది. తుపానుకి తిండి వేడి నీళ్ళు. ముందు చన్నీళ్ళు తగిలితే, ఎండిన మేత వదిలి పచ్చిక వైపు తిరిగిన గొడ్డులా పక్కకి తిరుగుతుంది.

"చంపలేం మేడం, తిప్పగలం. అంతే," అంటాడు ఆశీర్వాదం ఎప్పుడూ.

తిప్పాలంటే ఎటో ఒక వైపు ఎంచుకోవాలి. ఎటు తిప్పితే తక్కువ ఇళ్ళు దెబ్బతింటాయో మిషను లెక్క కట్టి పటం మీద ఒక గడి చూపిస్తుంది. ఆ గడి ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడి ఎమ్మెల్యే ఒప్పుకుని సంతకం పెట్టాలి. చట్టం అలా ఉంది. మొదట్లో ఆకాశం నుంచి దీపాలు చూసి లెక్క కట్టేవాళ్ళు. భ్రమరాంబే అసెంబ్లీలో లేచి అరిచింది. దీపాలు ఎక్కువున్న చోటే మనుషులున్నారా, చీకట్లో ఉన్నవాళ్ళు మనుషులు కాదా, ఇళ్ళు లెక్కపెట్టండి, పంచాయతీ రిజిస్టరులో ప్రతి గుమ్మానికీ నంబరుంది, గుడిసైనా మేడైనా ఒకటే నంబరు అంది. బల్లలు చరిచారు. చట్టం మార్చారు. తుపాను హెచ్చరికలు కూడా ఆ నంబర్లున్న ఇళ్ళకే వెళ్ళేటట్టు కలిపారు. రెండేళ్ళలో రెండు తుపానులు మడ అడవుల మీదికి వెళ్ళిపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు.

ఇప్పుడు మైకు ముందు కూచోబెట్టారు. ఊరూరా స్పీకర్లలో ఆమె గొంతు వినబడుతుంది. "అక్కలారా, అన్నలారా, మీ భ్రమరాంబని. ఎవ్వరూ కంగారు పడొద్దు. ఇళ్ళల్లోనే ఉండండి. తుపాను పక్కకి పోయింది..."

మాట్లాడుతూ ఎదురుగా గోడ మీద పెద్ద తెర చూసింది. తెల్లటి సుడి. దాని ముందు ఎర్ర గీత వంగి, ఒడ్డు మీద ఒక గడిలో ఆగింది. గడి నలభై ఒకటి. మొన్న సంతకం పెట్టిన కాగితం మీద ఆ అంకే ఉంది. పక్కన 'జనావాసం లేదు' అని. ఇప్పుడు తెర మీద ఆ గడిని పెద్దది చేసి పెట్టారు. ఇసుక. తాటితోపు. కొడవలిలా వంగిన కాలవ.

మాట ఆగిపోయింది. స్పీకర్లలో ఆమె ఊపిరి ఒక్కటే వినబడింది. ఎవరో మైకు కట్టేశారు.

"డాక్టరుగారూ, అది కొడవలి కాలవ."

"పేర్లు నాకు తెలీవు మేడం. నలభై ఒకటో గడి. ఖాళీ."

"ఖాళీ కాదు. మా అక్కుంది అక్కడ. మా ఆయన నిన్ననే వెళ్ళాడు. ఐదొందల మంది ఉన్నారు."

ఆశీర్వాదం రిజిస్టరు తెరిచాడు. ఊరి పేరడిగి టైపు కొట్టాడు. గ్రామం ఉంది, ఇళ్ళు సున్నా. మళ్ళీ కొట్టాడు. సున్నా. "జూన్ దాకా నూట అరవై మూడున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "జూన్‌లో తీసేశారు. పన్ను మినహాయింపు వల్ల."

"ఆకాశం నుంచి కనబడలేదా?"

"తాటాకు కప్పు మేడం. పైనుంచి చూస్తే తోపులాగే ఉంటుంది. ఇళ్ళు లెక్కపెట్టమన్నారు గనక..." అని ఆపేశాడు.

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడు తాకుతుంది?"

"సాయంత్రం ఐదింటికి."

"ఆపండి. ఆ గొట్టాలు ఆపండి."

ఆశీర్వాదం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పన్నెండింటి లోపు మీరు సంతకం వెనక్కి తీసుకోవచ్చు. చట్టంలో ఉంది. అప్పుడు ఆపాల్సిందే. ఆపితే ఈ పక్కకి వస్తుంది. ఇదిగో, ఇక్కడ." వేలు కొత్తరేవు పట్నం మీద పెట్టాడు. "అరవై వేల మంది. ఇళ్ళల్లో ఉండమని ఇప్పుడే చెప్పారు మీరు."

గోడ గడియారంలో పదీ ఇరవై.

*

కలెక్టరుకి ఫోను చేసింది. హెలికాప్టరు ఈ గాలికి లేవదన్నాడు. రోడ్డు లేదు. కొత్తరేవు నుంచి పడవ బయల్దేరితే ఎదురుగాలిలో చీకటి పడుతుంది. మిగిలింది దిబ్బ మీద సొసైటీ షెడ్డులో వైర్‌లెస్ సెట్టు. దాన్ని కూడా తనే పెట్టించింది. గాలి కేంద్రం నుంచి కలిపారు. గరగరమని చప్పుడు. ఎవరో పలికి, పిలుచుకొస్తామని పరిగెత్తారు. పావుగంటకి ఏడుకొండలు గొంతొచ్చింది.

"ఏమే, ఇప్పుడే చదవడం అయింది! నువ్వు చెప్పిన చోట ఆగాను, చప్పట్లు కొట్టారు. మీ అక్క ఏడ్చింది కూడా. నాకు పీతల కూర..."

"ఏమయ్యా, మాట విను. తుపాను అక్కడికే వస్తోంది. దిబ్బ మీదికి. సాయంత్రం ఐదింటికి. అందర్నీ తీసుకుని బయల్దేరు. ఇప్పుడే."

గరగర. "ఏంటీ?"

మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పింది.

"మళ్ళించేశారన్నావు కదే."

"మళ్ళించింది అక్కడికే."

అతను ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వెనకాల నవ్వులు వినిపించాయి. తర్వాత రాఘవమ్మ గొంతు, సెట్టుని నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా. "ఒసే బమ్మీ, ఏందే నీ గోల? పొద్దున్న చదివిన కాగితంలో ఇళ్ళు వదలకండి, కదలకండి అని అచ్చేయించావు. ఇప్పుడేమో కదలమంటావు. ఏది నిజం? అచ్చులో ఉన్నది అబద్ధమా?"

"అక్కా, అబద్ధమే. నేను పెట్టిన సంతకం అక్కా అది. మీ రేకులు తీసేశారు గనక ఇళ్ళు లేవనుకున్నారు."

"ఇళ్ళు లేకపోవడమేంటే? పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటేనూ! నీకు రాత్రి నిద్ర పట్టలేదు, అంతే. పోయి పడుకో."

"వదినా ఇటివ్వు," అని ఏడుకొండలు సెట్టు లాక్కున్నాడు. గొంతు మారింది. "కాలవ ఎండిపోయింది ఇప్పుడు. పోటు రెండింటికి గానీ రాదు. పడవలు బురదలో ఉన్నాయి. రెండింటిదాకా ఎవరూ కదల్లేరు."

"నడిచి?"

"నడిచి ఎక్కడికి? చుట్టూ బురదే. పిల్లలతోనా? ముసలాళ్ళతోనా? నువ్వు రాసిందే నేను చదివాను. ఇప్పుడు కాదంటే ఎంతమంది నమ్ముతారో చూస్తాను. ఉండు."

*

పదకొండు నలభైకి మళ్ళీ పిలిచాడు. ఆ గంటా భ్రమరాంబ తెర ముందే నిలబడి ఉంది. ఎవరో టీ ఇచ్చారు. చల్లారిపోయింది. ఆశీర్వాదం బల్ల మీద ఒక కాగితం పెట్టి, పెన్ను దాని మీద పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. సంతకం వెనక్కి తీసుకునే కాగితం. పైన ఆమె పేరు రాసి ఉంది. చదవడానికి ఒక నిమిషం చాలు. ఆమె మూడుసార్లు చదివింది.

కిటికీలోంచి పట్నం కనిపిస్తోంది. బడి గంట కొట్టారు. బస్టాండు దగ్గర జామకాయల బండి. మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఆమె ఇళ్ళల్లో ఉండమన్నందుకు ఇళ్ళల్లో ఉన్నారు.

"పక్షులన్నీ దిబ్బ వదిలి ఎగిరిపోయాయే," అన్నాడు ఏడుకొండలు. "ఇప్పుడు నమ్మారు. పడవల చుట్టూ తవ్వుతున్నాం. రెండు ఇంజను పడవలు, పదకొండు నావలు. పోటు రాగానే ముందు పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని గుల్లపాలెం మెరక మీదికి పంపిస్తాం. పడవలు తిరిగొస్తే రెండో విడత మేము."

"తిరిగి రావడానికి టైముంటుందా?"

"చూద్దాం." ఊపిరి బరువుగా వినిపిస్తోంది. బురద తవ్విన ఊపిరి. "ఒక మాట అడుగుతాను. ఆ మిషను ఆపమనరాదా?"

భ్రమరాంబ గడియారం చూసింది. పదకొండు నలభై నాలుగు. కాగితం చూసింది. పెన్ను చూసింది.

"ఆపలేరంట," అంది.

"ఆహా." అంతే అన్నాడు. నమ్మాడో లేదో ఆమెకి ఆ రోజు తెలీలేదు, తర్వాతా తెలీలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గొంతులో అంత చిన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"మాత్ర వేసుకున్నావా?" అంది.

"పక్క అరలో పెట్టావుగా. వేసుకున్నా. గొడుగు పెట్టలేదు నువ్వు."

"మర్చిపోయాను."

"పర్లేదులే. ఇదిగో మీ అక్క."

రాఘవమ్మ ఈసారి అరవలేదు. "బమ్మీ. నాన్న గుమ్మం కాలవలో వదిలినప్పుడు నువ్వు దాని వెంట పరిగెత్తావు, గుర్తుందా? నేనే పట్టుకున్నాను నిన్ను."

"గుర్తుందక్కా."

"మేమెంతమందిమో నీకు తెలుసుగా. రేకులన్నీ నీ దగ్గరే ఉన్నాయి."

తర్వాత గరగర ఒక్కటే వినిపించింది. ఆమె సెట్టు చేతిలోనే పట్టుకుని కూచుంది. గడియారంలో ముళ్ళు రెండూ కలిశాయి. ఆశీర్వాదం వచ్చి, బల్ల మీది కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

*

కొత్తరేవులో ఆ సాయంత్రం చిన్న జల్లు పడింది. గాలికి రెండు అరటిచెట్లు ఒరిగాయి.

ప్రభుత్వం వారి ప్రకటన మర్నాడు వచ్చింది. తుపాను నలభై ఒకటో గడిలో తీరం దాటింది, ప్రాణనష్టం లేదు అని. రిజిస్టరులో ఇళ్ళు లేవు గనక పోయినవాళ్ళు కూడా లేరు. నష్టపరిహారానికి తలుపు నంబరు కావాలన్నారు. పట్నంలో వర్తకులు ఆమెకి శాలువా కప్పడానికి వచ్చారు. "మీ పుణ్యాన బతికామమ్మా," అన్నాడు ఒక పెద్దాయన, రెండు చేతులూ జోడించి. ఆమె శాలువా పుచ్చుకుంది. ఏం చెయ్యాలో తెలీక మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

శీతాకాలం సమావేశాలకి గంప పట్టుకెళ్ళింది. తన వంతు వచ్చినప్పుడు రేకులు ఒక్కొక్కటే తీసి అంకెలు చదివింది. ముప్ఫై ఎనిమిదో రేకు దగ్గర టైమైపోయిందని మైకు ఆపేశారు. మైకు లేకుండానే మిగతావి చదివింది. సభ్యులు టీకి లేచి వెళ్ళారు.

దిబ్బ నుంచి మొదటి విడత పడవల్లో వచ్చినవాళ్ళు నూట పద్దెనిమిది మంది. వాళ్ళని కొత్తరేవు బడిలో ఉంచారు. రాఘవమ్మ కోడలు సుబ్బులు వాళ్ళలో ఉంది. భ్రమరాంబ రోజూ వెళ్ళి కూచునేది. ఒక రోజు సుబ్బులు చిక్కుడుకాయలు ఒలుస్తూ తనంతట తనే చెప్పింది.

"చిన్నమావ మా పడవని నడుంలోతు నీళ్ళల్లో నెట్టాడు. ఎక్కు మావా అన్నాం. మీ అత్త ఎక్కనంటోందమ్మా, దాన్నొదిలి వెళ్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. భుజానికి ఆకుపచ్చ సంచి ఉంది. పడవ తిప్పి పంపాలని మావాళ్ళు నాలుగుసార్లు చూశారు. తిప్పలేకపోయారు చిన్నత్తా."

భ్రమరాంబ చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఒలిచింది. గింజలు ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుంది. "మిషను ఆపొచ్చు సుబ్బులూ," అంది. "పన్నెండింటి దాకా ఆపొచ్చు. నేను ఆపలేదు. మీ చిన్నమావకి ఆపలేరని చెప్పాను."

సుబ్బులు చేతులు ఆగాయి. తర్వాత కాయల పళ్ళెం తన వైపుకి లాక్కుంది.

"పదకొండో రోజు దాటిపోయింది," అంది చివరికి. "మాకు మూయడానికి గుమ్మాలు కూడా లేవు. నీకుందిగా. నువ్వు మూసుకో." అప్పట్నుంచి చిన్నత్తా అనలేదు.

ఆ నెలాఖరుకి ఎప్పటిలాగే ఉత్తరం రాసింది. ఉప్పు కొఠార్ల రోడ్డుకి డబ్బు మంజూరైంది. నీటి పన్ను పావు వంతు తగ్గింది. వచ్చే ఏడాది పనుల్లో మొదటిది ఆసుపత్రి, రెండోది రేవు గోడ. మూడో పేజీలో ఇలా రాసింది: "నత్తలదిబ్బకి పన్ను రద్దు చేయించింది నేను. ఇళ్ళు లెక్కపెట్టే పద్ధతి తెచ్చింది నేను. సంతకం వెనక్కి తీసుకోవడానికి నాకు గంటా నలభై నిమిషాలు ఇచ్చారు. తీసుకోలేదు. మీరు బతికి ఉన్నారు. మీరు నా మొహం చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి." చివర 'మీ ఆడపడుచు' అని రాసి, కొట్టేసి, పేరు ఒక్కటే రాసింది. ప్రెస్సు వాళ్ళు ఫోను చేసి మూడో పేజీ నిజంగా వెయ్యాలా అని అడిగారు. వెయ్యమంది.

తర్వాత మేస్త్రీని పిలిపించి వీధి గుమ్మం మూయించింది. ద్వారబంధం ఊడదీయించి, ఆటో మీద కట్టించి, రేవుకి తీసుకెళ్ళి నీళ్ళల్లో వదిలింది. అది కాసేపు అక్కడక్కడే తిరిగి, ఆటు నీళ్ళకి నెమ్మదిగా వెళ్ళింది. ఈసారి వెంట పరిగెత్తలేదు. పట్టుకునేవాళ్ళు లేరు. ఇంటికి వచ్చేసరికి మేస్త్రీ తూర్పు గోడ పగలగొట్టి కొత్త గుమ్మం నిలబెడుతున్నాడు. సున్నమూ ఇటుకపొడీ ఇల్లంతా.

వారం తిరక్కుండా మునిసిపాలిటీ గుమాస్తా కొత్త రేకు పట్టుకుని వచ్చాడు. మేకులు కొట్టి, పుస్తకం తెరిచి, భయంభయంగా అడిగాడు. "పాత నంబరు కొట్టెయ్యమంటారా మేడం? లేకపోతే రెండిటికీ నోటీసు వస్తుంది."

"కొట్టెయ్యొద్దు," అంది భ్రమరాంబ. "రెండింటికీ కడతాను. ఆయన పేరు మీదే పంపండి."

తిరుమాని ఏడుకొండలు నత్తలదిబ్బ నుంచి తిరిగి రాలేదు. రాఘవమ్మ రాలేదు. పడవల కోసం ఒడ్డున నిలబడిన మూడొందల తొంభై నాలుగు మందిలో ఒక్కరూ రాలేదు. తుపాను దిబ్బని తాకింది నవంబరు ఆరో తారీకు, బుధవారం, సాయంత్రం ఐదు గంటలకి.